మొదటి కొక్కెం

మీరు నలుగురిలో ఎవరినైనా వాదించి ఓడించాక, ఆ మనిషి మళ్ళీ మీతో నోరు విప్పి మాట్లాడాడో లేదో ఎప్పుడైనా గమనించారా?

నేను గమనించలేదు. ముప్పై ఏళ్ళు వాదించాను. గుంటూరు జిల్లా పల్లెల్లో, బడి ఆవరణల్లో, ట్రాక్టరు తొట్టి ఎక్కి నిలబడి, మంత్రించిన నిమ్మకాయ కోస్తే ఎర్రగా ఎందుకు కారుతుందో చూపించాను. నాలుక మీద కర్పూరం వెలిగించుకున్నాను. చేతబడి చేస్తోందని ఒక ముసలావిడను కొట్టిన ఊళ్ళో, అదేదో నాకు చేసి చూపించండని సవాలు చేసి మూడు రోజులు అక్కడే తిష్ట వేశాను. వాటిలో దేనికీ ఇవాళ సిగ్గుపడటం లేదు. సిగ్గుపడాల్సిన పని తర్వాత చేశాను. సౌదీలోని జుబైల్‌లో, ఒక పెట్రోకెమికల్ ప్లాంటు ఆవరణలో, పట్టపగలు, నలభై మంది చూస్తుండగా చేశాను. అది కూడా సైన్సు ప్రచారమే అనుకున్నాను. చప్పట్లు కూడా కొట్టారు.

నా ఉద్యోగం సేఫ్టీ ఆఫీసరు. ప్లాంటు ఆపి మరమ్మతులు చేసే రోజుల్ని ఇక్కడ షట్‌డౌన్ అంటారు. అప్పుడు మనుషులు ట్యాంకుల్లోకి, డ్రమ్ములనే పెద్ద ఇనప పాత్రల్లోకి దిగి పనిచేస్తారు. దిగే ముందు లోపలి గాలిని మీటరుతో పరీక్షించాలి, నేను పర్మిట్ మీద సంతకం పెట్టాలి. మ్యాన్‌హోల్ పక్కన ఒక బోర్డు ఉంటుంది. దానికి పన్నెండు కొక్కేలు. లోపలికి వెళ్ళే మనిషి మెడలో ట్యాగు తీసి కొక్కేనికి తగిలించి వెళ్తాడు, బయటికి వచ్చాక తీసుకుంటాడు. బోర్డు మీద ఎన్ని ట్యాగులుంటే లోపల అంతమంది ఉన్నట్టు. పక్కనే ఒకడు కుర్చీ వేసుకుని కాపలా కూర్చుంటాడు. అతన్ని హోల్ వాచ్ అంటారు. అతనికి ఒకటే నియమం. లోపల ఏం జరిగినా తను దిగకూడదు. వాకీటాకీలో పిలవాలి, మనుషులు వచ్చేదాకా అక్కడే ఉండాలి.

ఆ రోజు కాపలా కూర్చున్నది కడప జిల్లా నుంచి వచ్చిన ఒక ఫిట్టరు. నలభై దాటాయి. పన్నెండేళ్ళుగా ఇక్కడే పని. నమాజు తప్పని మనిషి. నేను దేవుణ్ణి నమ్మనని తెలిసి నన్ను ఆటపట్టించేవాడు. "దేవుడు ల్యాడంటారు గదా సార్, మల్ల శుక్రవారం సెలవు ఎందుకు తీసుకుంటారు?" అనేవాడు. నేను జవాబుకు గొంతు సవరించుకుంటే, మీరు మొదలుపెడితే నా చాయ్ చల్లారిపోతుందని నవ్వి వెళ్ళిపోయేవాడు. వాదన మొదలు కాకుండానే నన్ను గెలిచినవాడు అతనొక్కడే.

డ్రమ్ములో పనిచేస్తున్నది అతని గదిలోనే ఉండే వెల్డరు. బీహారు మనిషి. ఇద్దరూ ఒకే స్టవ్వు మీద వండుకునేవాళ్ళు.

పొద్దున గాలి పరీక్షించాం. బాగుంది. వెల్డింగ్ కోసం పైపుల్లోకి ఆర్గాన్ అనే వాయువు వదులుతారు. దానికి రంగు లేదు, వాసన లేదు, గాలికన్నా బరువు. టీ విరామంలో ఆ వాల్వు మూయడం మరిచిపోయారు. ఆర్గాన్ డ్రమ్ము అడుగున నీళ్ళలా నిండింది. విరామం తర్వాత మళ్ళీ పరీక్ష చేయందే ఎవరూ దిగకూడదు. ఫిట్టరు వాకీటాకీలో నన్ను పిలిచాడు. టీ అయిపోయింది, మనిషి దిగుతానని తొందరపడుతున్నాడు, మీటరు తీసుకుని రమ్మన్నాడు. రెండు నిమిషాలు, అన్నాను.

నేను సైట్ ఆఫీసులో క్రేన్ల మేనేజరుతో వాదిస్తున్నాను. గాలి ఎక్కువగా ఉంది, బరువు ఎత్తొద్దని నేను. షెడ్యూలు పోతుందని అతను. నేను చెప్పిందే సరైనది. గెలిచాను కూడా. పది నిమిషాలు పట్టింది.

వెల్డరు ఆగలేదు. ఫిట్టరు వద్దంటుండగానే ట్యాగు తీసి మొదటి కొక్కేనికి తగిలించి నిచ్చెన దిగాడు. అడుగుకు చేరి, అలసిపోయి కూర్చున్నట్టు కూలబడ్డాడు. నేను వెళ్ళేసరికి ఫిట్టరు మ్యాన్‌హోల్ అంచు మీద బోర్లా పడుకుని చెయ్యి లోపలికి చాచి ఉన్నాడు. ఆ చేతి వేళ్ళకూ కింద మనిషికీ మధ్య రెండు నిలువుల లోతు. వెల్డరు హెల్మెట్ మీది దీపం వెలుగుతూనే ఉంది. ఇనప గోడ మీద గుండ్రటి వెలుగు పడి ఉంది. అది కదలలేదు. కదలని వెలుగు ఎంత భయంకరంగా ఉంటుందో నాకు అప్పటిదాకా తెలియదు.

విచారణ జరిగింది. చనిపోయిన మనిషి నియమం మీరాడని రాశారు. హోల్ వాచ్ ఒక్కసారి పిలిచి ఊరుకున్నాడని, మళ్ళీ మళ్ళీ పిలవాల్సిందని ఫిట్టరుకు హెచ్చరిక లేఖ ఇచ్చారు. నా వాంగ్మూలంలో, ఒకసారి పిలిచాడు, చేతిలో పని ముగించి బయల్దేరాను అని ఉంది. అతని వాంగ్మూలంలోనూ ఒకసారి అనే ఉంది. నాకు ఏ లేఖా రాలేదు.

నాలుగు నెలల తర్వాత మరో షట్‌డౌన్. అదే కాంట్రాక్టు కంపెనీ, అదే బోర్డు. మొదటి రోజే చూశాను, మొదటి కొక్కేనికి ఎవరూ ట్యాగు తగిలించడం లేదు. రెండో కొక్కెం నుంచి మొదలుపెడుతున్నారు. పదకొండు కొక్కేలు నిండి, పన్నెండోవాడు వచ్చినా, వాడు ఎవరో ఒకరు బయటికి వచ్చేదాకా నిలబడి ఉంటున్నాడు తప్ప దాన్ని ముట్టుకోవడం లేదు. ఎవరూ ఏమీ చెప్పుకోలేదు. అందరికీ తెలుసు, అంతే.

నాకు ఒళ్ళు మండింది. విచారించాను. ఫిట్టరుకు ట్యాంకుల్లో దీపం కనిపిస్తోందట. వెల్డరు వదిలి వెళ్ళలేదని పనివాళ్ళుండే క్యాంపులో అనుకుంటున్నారట. గదివాళ్ళు అతన్ని ఒక పెద్దాయన దగ్గరికి తీసుకెళ్ళి, చదివి ఊదిన నీళ్ళు తాగించారట. నా ముప్పై ఏళ్ళ రక్తం పొంగింది. దేశం దాటి, సముద్రం దాటి వచ్చినా ఇదేనా అనుకున్నాను.

ముందు క్యాంపుకు వెళ్ళి అతన్ని అడిగాను. గదిలో కూడా సాయంత్రం నమాజు వేళకు గోడ మీద వెలుగు కనిపిస్తుందన్నాడు. నేను కిటికీ దగ్గర నిలబెట్టి చూపించాను. దూరంగా, వ్యర్థ వాయువును కాల్చే ప్లాంటు మంట గొట్టం ఎగిసి ఎగిసి మండుతోంది. దాని వెలుగే గోడ మీద పడుతోంది. కిటికీకి తువ్వాలు కట్టాను. వెలుగు పోయింది. చూశావా, అన్నాను. చూసినాను సార్, అన్నాడు. గదిలో అంతా నవ్వారు. అతను కూడా నవ్వాడు. ఆ నవ్వు చూసి కేసు ముగిసిందనుకున్నాను.

మర్నాడు పొద్దున పని మొదలయ్యే ముందు మనుషులందర్నీ నిలబెట్టి జాగ్రత్తలు చెప్పే సమయంలో నా ప్రదర్శన పెట్టాను. హిందీలో మాట్లాడాను. ఆర్గాన్ గురించి చెప్పాను. చావుకు కారణం వాయువు, కొక్కెం కాదన్నాను. నా ట్యాగు తీసి మొదటి కొక్కేనికి తగిలించి, నిచ్చెన దిగి, డ్రమ్ములో ఒక చుట్టు తిరిగి వచ్చాను. వచ్చేటప్పుడు నా చెయ్యి నిచ్చెన మీద జారింది. చెమట అనుకున్నాను. తర్వాత ఫిట్టరును ముందుకు పిలిచాను. ఇప్పుడు నువ్వు, అన్నాను. అతను రెండో కొక్కెం వైపు చెయ్యి చాచాడు. అది కాదు, అన్నాను. నలభై మంది చూస్తున్నారు. అతను నా ముఖం కేసి ఒకసారి చూసి, ట్యాగు మొదటి కొక్కేనికి తగిలించి దిగాడు. నలభై నిమిషాలు పనిచేసి వచ్చాడు. బతికే ఉన్నాడు కదా, ఇంకేం రుజువు కావాలి అన్నాను. చప్పట్లు కొట్టారు.

ఆ రోజు అతను టీ తాగలేదు. ఆ రోజు నుంచి నాతో తెలుగులో మాట్లాడలేదు. ఏది అడిగినా "జీ సాబ్" అనే హిందీ మాట ఒక్కటే. శుక్రవారం సెలవు గురించి మళ్ళీ ఎప్పుడూ ఎగతాళి చేయలేదు. మనిషిలో మూఢనమ్మకం పోయి క్రమశిక్షణ వచ్చిందనుకున్నాను. నా కళ్ళకు అంత పొర కమ్మింది.

ఇక ఇంట్లో సంగతి చెప్పాలి. నా భార్య నాతోనే జుబైల్‌లో ఉంటుంది. ఆవిడ చెప్పేదాకా నాకు తెలియని విషయాలు ఇవి. నేను గాలి పరీక్షించే మీటరు ఇంటికి తెస్తున్నాను. వంటింట్లో గ్యాస్ లీకవుతుందేమోనని కారణం చెప్పాను. కానీ దాన్ని బాత్రూం తలుపు దగ్గర పెట్టి చూసి గానీ లోపలికి వెళ్ళడం లేదు. లోపలికి వెళ్ళినా తలుపు వేయడం లేదు. లిఫ్టు మానేసి ఆరు అంతస్తులు మెట్లెక్కుతున్నాను. ఆరోగ్యం కోసమన్నాను. తెల్లవార్లూ నిద్ర లేక హాల్లో తిరుగుతున్నాను. ఇంకొకటి, అన్నిటికన్నా విచిత్రమైనది: టీవీ సౌండ్ నేను తగ్గించలేను. ఎంత గోల చేస్తున్నా రిమోటు ఆవిడ చేతికి ఇచ్చేస్తాను, లేదా లేచి బయటికి వెళ్ళిపోతాను. దీనికి మాత్రం నా దగ్గర కారణం లేదు.

ఒక రోజు బాత్రూం ముందు మీటరు పట్టుకుని నిలబడి ఉంటే ఆవిడ వెనక నుంచి అంది:

"దెయ్యాలు లేవని ఊరూరా తిరిగి చెప్పిన మనిషేనా మీరు? మన బాత్రూంలో ఏది ఉందని చూస్తున్నారు?"

ఆక్సిజన్ శాతం గురించి చెప్పడం మొదలుపెట్టాను.

"నాతో వాదించకండి. మీరు గెలుస్తారు. గెలిచి మళ్ళీ రేపు ఇక్కడే నిలబడతారు."

ఆవిడే దమ్మామ్‌లో ఒక క్లినిక్ కనుక్కుంది. అక్కడ మానసిక చికిత్స చేసే సైకాలజిస్టు ఒక తెలంగాణ మహిళ. గంట ప్రయాణం. కారు నా భార్యే నడిపింది, నాకు దారి తప్పే అవకాశం ఇవ్వకుండా.

మొదటి రోజు ఆ డాక్టరమ్మను కూడా ఓడించడానికే వెళ్ళాను. మీ పద్ధతికి ఆధారం ఏమిటన్నాను. మనసు అనే మాట మఠాల్లో ఎక్కువ వినిపిస్తుందన్నాను. బాధపడ్డ మనిషిని కుర్చీలో కూర్చోబెట్టి మాట్లాడించడానికీ, నీళ్ళు ఊది ఇవ్వడానికీ తేడా నిరూపించమన్నాను. ఆవిడ అడ్డు చెప్పకుండా వింది. నాకు ఊపిరి తీసుకునే అవసరం వచ్చినప్పుడు అడిగింది:

"సార్, మీరు ఈడికి గెలవనికి వచ్చిండ్రా, పండుకోనికి వచ్చిండ్రా?"

నిద్రపోయి ఎన్నాళ్ళయిందో ఆవిడకు చెప్పడం మొదలుపెట్టాను.

తర్వాత నేను అడిగినవాటికి ఆవిడ ఆధారాలూ చూపించింది, చదువుకోమని కాగితాలూ ఇచ్చింది. చదివాను. నాకు పనికొచ్చింది మాత్రం ఆవిడ మామూలుగా చెప్పిన ఒక మాట. "మీకున్నది నమ్మకం కాదు సార్, కొట్టేస్తే పోవనికి. మీ ఒంటికి ఆ పది నిమిషాలు ఇంక అయిపోలే. అది ఇంక ఆడ్నే ఉరుకుతున్నది."

చికిత్స అంటే ఏదో మెత్తటి ఓదార్పు అనుకుంటే పొరపాటు. కళ్ళు మూసుకుని ఆ పది నిమిషాలు ఇప్పుడే జరుగుతున్నట్టు చెప్పాలి. ఏం కనిపిస్తోంది, ఏం వినిపిస్తోంది, చేతులు ఏం చేస్తున్నాయి. దాన్ని ఫోన్‌లో రికార్డు చేసి ఇంట్లో రోజూ వినాలి. విన్నప్పుడల్లా గుండె దడ ఎంత ఉందో ఒక అంకె వేసుకోవాలి. మరోపక్క మీటరు లేకుండా బాత్రూంకు వెళ్ళడం, తలుపు వేయడం, లిఫ్టులో ఒక అంతస్తు ఎక్కడం. చిన్నపిల్లవాడికి నడక నేర్పినట్టు. మొదటిసారి నేను మూడు నిమిషాల్లో చెప్పి ముగించాను. ఆవిడ కళ్ళు తెరవమంది. "ఇది రిపోర్టు సార్. ఇందుల మీరు ఏడ ఉన్నరు?"

ఐదోసారో ఆరోసారో చెబుతుండగా సైట్ ఆఫీసు నిజంగా వచ్చి నా చుట్టూ నిలబడింది. బల్ల మీద క్రేన్ డ్రాయింగు. కిటికీ అద్దానికి ఇసుక కొట్టుకుంటోంది. ఎదురుగా మేనేజరు ఎర్రబడ్డ ముఖం. ఎడమ చెయ్యి డ్రాయింగు మీద ఉంది. కుడి చెయ్యి ఏం చేస్తున్నది సార్, అని ఆవిడ అడిగింది. కుడి చెయ్యి నడుం దగ్గర ఉంది. అక్కడ వాకీటాకీ ఉంది. దానిలోంచి "సార్" అని ఒక గొంతు వస్తోంది. నేను వాక్యం మధ్యలో ఉన్నాను, మంచి వాక్యం, మేనేజరు నోరు మూయించే వాక్యం. నా బొటనవేలు మీట తిప్పుతోంది. గొంతు సన్నబడుతోంది. సన్నబడి పోయింది.

కళ్ళు తెరిచాను. అతను రెండోసారి పిలిచాడు. నేను సౌండ్ తగ్గించాను.

మరిచిపోయాను అంటే నేను నమ్మను. గుర్తుంది, దాచాను అన్నా అది పూర్తి నిజం కాదు. నా వేలికి తెలుసు. అందుకే అది టీవీ రిమోటు నొక్కలేదు. నాకు మాత్రం తెలియకుండా చూసుకున్నాను. ఆ తెలియకపోవడం మీద కూర్చుని ఒక మనిషిని నలభై మంది ముందు నిలబెట్టి, నీ భయం అబద్ధమని పాఠం చెప్పాను.

నా తోటి హేతువాదులకు ఇక్కడ ఒక మాట చెప్పాలి, వాళ్ళకు కోపం వచ్చినా సరే. తెలియక పుట్టే భయం ఉంది. గ్రహణం రోజు గర్భిణి బయటికి రాకపోవడం అలాంటిది. దానికి మందు వాదనే, దాన్ని ఇంకా గట్టిగా చేయండి. కానీ ఆ ఫిట్టరుకు ఆర్గాన్ గురించి నాకన్నా ఎక్కువ తెలుసు. అతని భయం తెలియక పుట్టింది కాదు, చూసి పుట్టింది. దానికి వాదన మందు కాదు, దెబ్బ మీద దెబ్బ. అది దెయ్యమన్నవాళ్ళదీ తప్పే, అది ఏమీ కాదన్న నాదీ తప్పే. నా తప్పు పెద్దది, ఎందుకంటే నాకు చదువుంది. పెద్దాయన ఊదిన నీళ్ళకు ఏ శక్తీ లేదు, ఇప్పటికీ అదే అంటాను. అయితే ఆయన అతని తల మీద చెయ్యి పెట్టి గంటసేపు విన్నాడు. నేను రెండు నిమిషాలు వినలేదు.

అది గుర్తొచ్చిన వారమే మూడో షట్‌డౌన్ మొదలైంది. ఈసారి పని ఒక నిలువు టవరు లోపల. చాలా ఎత్తు. లోపల పలకల మీద నిలబడి నట్లు బిగించాలి. కాలు తడబడితే పట్టుకోవడానికి ఏమీ ఉండదు. లోపలికి వెళ్ళేవాళ్ళ జాబితాలో ఫిట్టరు పేరు చూశాను.

ఇలాంటి పనికి ముందు ప్రతివాడికీ బీపీ చూస్తారు. ఎక్కువుంటే వెనక్కి పంపుతారు. రెండుమూడుసార్లు అలా అయితే క్లినిక్కు. అక్కడ ఒక కాగితం ఉంటుంది, నిద్ర బాగా పడుతుందా, భయాలు ఏమైనా ఉన్నాయా అని. మా క్యాంపులో ఆ కాగితానికి తప్పు జవాబు రాసినవాణ్ణి నేను చూడలేదు. అన్‌ఫిట్ అని పడితే ఎగ్జిట్ కొట్టి ఇంటికి పంపుతారని అందరికీ భయం. అందుకే బీపీ చూసే ముందు మనుషులు ఏసీ బస్సులో వెళ్ళి కూర్చుంటారు. తడి తువ్వాలు నెత్తిన వేసుకుని, కళ్ళు మూసుకుని, నిమ్మచెక్క చప్పరిస్తూ. గుండె కాస్త నెమ్మదించాక పరుగున వెళ్ళి చెయ్యి చాపుతారు. ఈ మోసం నాకు తెలుసు. నాలాంటి ప్రతి ఆఫీసరుకూ తెలుసు. పని నడవాలి కాబట్టి ఆ బస్సు వైపు మేం చూడం.

ఆ పొద్దున బస్సెక్కాను. ఏడెనిమిది మంది తడి తువ్వాళ్ళ కింద శవాల్లా కూర్చుని ఉన్నారు. అతను చివరి సీట్లో ఉన్నాడు. నన్ను చూసి లేవబోయాడు. "జీ సాబ్."

పక్కన కూర్చుని తెలుగులో చెప్పాను. "నువ్వు రెండోసారి కూడా పిలిచావు. నాకు వినిపించింది. నేనే సౌండ్ తగ్గించాను."

 అతను చేతిలో నిమ్మచెక్క పిండుతూ ఉన్నాడు. రసం మోచేతి దాకా కారింది.

"రెండు తూర్లు గాదు సార్," అన్నాడు. "మూడు తూర్లు."

బస్సు ఇంజను అదురుతోంది. మూడోది నాకు ఇప్పటికీ గుర్తు రావడం లేదు. బహుశా సౌండ్ తగ్గాక పిలిచి ఉంటాడు. ఎవరూ వినని ఆ పిలుపు అతని దగ్గరే ఉండిపోయింది.

మరి ఒకసారే అని ఎందుకు రాయించావని అడిగాను.

"మీరు ఒక తూరి అని రాసినారంట గదా. రుజువు లేంది మీరు ఏదీ చెప్పరు. నేనే లెక్క తప్పినానేమో అనుకుంటి."

ఇంకా దీపం కనిపిస్తోందా అన్నాను.

"కనపడ్తాది. ఆ పొద్దు మొదటి కొక్కేనికి తగిలించమంటిరే, ఆ పొద్దు అది నా పక్కనే వచ్చి కూచునింది సార్. నలభై నిమిషాలు దాని ఎదురుంగనే నట్లు బిగిచ్చినా."

అతను చెప్పేటప్పుడు తువ్వాలు చివర గుప్పిట్లో మెలిపడుతూ ఉంది. ఈ మనిషి ఇంకో గంటలో టవరెక్కుతాడు. ఇతని పర్మిట్ మీద సంతకం నాది. ఈరోజు ఎక్కవద్దన్నాను. ఎక్కకపోతే క్లినిక్కుకు పంపుతారని, అక్కడ నిజం చెబితే ఎగ్జిట్ కొడతారని, చెప్పకపోతే మళ్ళీ ఎక్కాల్సిందేనని అన్నాడు. అన్నీ నిజాలే. వాదించడానికి ఏమీ లేదు.

జాబితా తీసుకుని అతని పేరు కొట్టేశాను. కారణం గడిలో అతని ఆరోగ్యం గురించి ఒక్క మాట రాయలేదు. పాత ప్రమాదం మీద నా వాంగ్మూలం తప్పు, విచారణ మళ్ళీ తెరవాలని కోరుతున్నాను, ఇతను సాక్షి, విచారణ ముగిసేదాకా కింది పనిలోనే ఉంచాలి అని రాశాను. సాక్షిని ఎగ్జిట్ కొట్టి పంపడం వాళ్ళకు అంత తేలిక కాదు. తర్వాత ఆఫీసుకు వెళ్ళి కొత్త వాంగ్మూలం రాసిచ్చాను. పిలిచాడు. మళ్ళీ పిలిచాడు. నేను సౌండ్ తగ్గించాను. మూడోసారి కూడా పిలిచానని అంటున్నాడు, అది నిజమని నమ్ముతున్నాను. "నమ్ముతున్నాను" అనే మాట నా చేత్తో రాసి ఎన్నేళ్ళయిందో.

మరుసటి రోజే నా గేట్ పాస్ తీసుకున్నారు. ఈ దేశంలో ఉండనిచ్చే కార్డు, ఇఖామా, ఇంకా నా దగ్గరే ఉంది, ఎన్నాళ్ళుంటుందో తెలియదు.

రెండు శనివారాలు అతన్ని కారులో దమ్మామ్ తీసుకెళ్ళాను. మొదటిసారి క్లినిక్ ముందు అరగంట కారు దిగలేదు. పిచ్చి అని రాస్తారా సార్, అని రెండుసార్లు అడిగాడు. రాయరని, డాక్టరమ్మ కంపెనీ మనిషి కాదని చెప్పాను. దిగాడు. రెండోసారి తిరిగి వస్తుంటే దారిలో తనంతట తనే మాట్లాడాడు. "మీ డాక్టరమ్మా కండ్లు మూసుకోమంటాది, మా పెద్దాయనా కండ్లు మూసుకోమంటాడు. ఏం తేడా సార్?" నా దగ్గర జవాబు ఉంది, మంచి జవాబు. నోరు తెరిచాను. అతను నా వైపు చూసి చిన్నగా నవ్వాడు, చాయ్ చల్లారిపోతుందని నవ్వే నవ్వు. నోరు మూసుకుని కారు నడిపాను. ఇద్దరం బాగుపడతామని ఆ దారిలో మొదటిసారి అనిపించింది.

ఇవాళ మూడో శనివారం. అతను రాలేదు.

గురువారమే విచారణ ముగించేశారని పొద్దున తెలిసింది. కొత్తగా తెలిసిందేమీ లేదని రాశారట. విచారణ లేకపోతే సాక్షి లేడు. సాక్షి కాకపోతే అతను ఫిట్టరు. టవరు పని వెనకబడింది, రేపటి జాబితాలో అతని పేరు తిరిగి ఎక్కింది. నా స్థానంలో వచ్చిన సేఫ్టీ ఆఫీసరుకు ఫోన్ చేశాను. మంచివాడే. మొత్తం చెప్పాను. మీటింగులో ఉన్నాను సార్, రెండు నిమిషాల్లో చేస్తాను, అన్నాడు. అది మధ్యాహ్నం. ఇప్పుడు ఎండ దిగిపోతోంది. ఫిట్టరు ఫోన్ మోగి మోగి ఆగిపోతోంది. కిటికీలోంచి ప్లాంటు మంట కనిపిస్తోంది, గాలికి ఒక పక్కకు ఒరిగి.

నా భార్య కారు తాళాలు తెచ్చి బల్ల మీద పెట్టింది.  క్యాంపు గేటు దగ్గర నన్ను ఆపుతారో లేదో తెలియదు. ఆపితే అక్కడే నిలబడి పిలుస్తాను. మూడుసార్లు కాదు, అతను బయటికి వచ్చేదాకా పిలుస్తాను. అందుకే ఇంకొక్క మాట రాసి ఆపుతున్నాను.

మీ ఇంట్లోనో, మీ పని దగ్గరో మొదటి కొక్కేన్ని తప్పించుకు తిరిగే మనిషి ఒకరు ఉంటారు. ఎవరో మీకు తెలుసు. ఇది చదువుతున్నప్పుడే వాళ్ళ ముఖం మీ కళ్ళ ముందుకు వచ్చింది. ఇది పక్కన పెట్టండి. లేవండి. వెళ్ళి వాళ్ళ పక్కన కూర్చుని, ఏం జరిగిందో అడగండి. చెప్పేదంతా అడ్డు రాకుండా వినండి. విన్నాక చికిత్స చేసే మనిషి దగ్గరికి మీరే వెంటబెట్టుకుని తీసుకెళ్ళండి, గుమ్మం దాకా కాదు, గది దాకా. ఇప్పుడే వెళ్ళండి. రెండు నిమిషాలు అని మాత్రం అనకండి.